గ్రేడిల్ బిల్డ్‌కు రిపాజిటరీలు ఎలా అమర్చాలి

విశాఖలో రుషికొండ ఐటీ కొండ మీది చిన్న ఆఫీసుల్లోనూ, మధురవాడ హాస్టళ్లలో చివరి సంవత్సరం ప్రాజెక్టుతో కుస్తీ పడుతున్న విద్యార్థుల దగ్గరా తరచుగా వినిపించే మాట ఒకటుంది: "నిన్న నడిచిన బిల్డ్ ఇవాళ నడవడం లేదు, కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు." ఆ మాట చాలాసార్లు నిజమే. మారింది కోడ్ కాదు, దానికి కావలసిన లైబ్రరీలు, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్, వచ్చే చోటు. ఆ చోటునే రిపాజిటరీ అంటారు. ఆ చోటు ఏదో చెప్పే వరుసలు ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటాయి గానీ, వాటిని కూర్చుని ఆలోచించి రాసినవారు అరుదు. సీనియర్ ఇచ్చిన ఫైలుతో పాటు వచ్చి ఉంటాయి, లేదా ఏదో ఎస్‌డీకే (ఒక కంపెనీ తన సేవ వాడుకోవడానికి ఇచ్చే కోడ్) సూచనల్లోంచి తెచ్చి అతికించి ఉంటారు. పని జరిగినంత కాలం అటువైపు ఎవరూ చూడరు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రిపాజిటరీల జాబితా పొట్టిగా ఉండాలి, ఒకే ఫైలులో ఉండాలి, ఏ రిపాజిటరీ ఏ లైబ్రరీలు ఇవ్వవచ్చో అక్కడే రాసి ఉండాలి. మీరు జాబితాలో చేర్చే ప్రతి చిరునామా మీ యాప్‌లోకి కోడ్ పంపగల మరో మనిషి చిరునామా. ఈ సంగతి మనసులో ఉంటే, కింద చెప్పే పనుల్లో చాలావరకు ఎందుకు చేయాలో వేరే చెప్పనక్కరలేదు.

మీ కోడ్‌ను, లైబ్రరీలను కలిపి నడిచే యాప్‌గా తయారుచేయడమే బిల్డ్, ఆ పని చేసే సాధనం గ్రేడిల్. ఆండ్రాయిడ్ స్టూడియో గ్రేడిల్‌తోనే పనిచేస్తుంది కాబట్టి ఉదాహరణలకు దాన్నే తీసుకున్నాను. ఆదేశాల పేర్లు ఇక్కడ పలికేటట్టు రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో, మాటల మధ్య ఖాళీ వదలకుండా, రెండో మాట నుంచి మొదటి అక్షరం పెద్దదిగా కొట్టండి. రెండు మూడు అక్షరాలు కొడితే మిగతాది ఎడిటరే అందిస్తుంది.

ముందు ఉన్నవాటిని పట్టుకోండి

కొత్తగా ఏదీ రాయకముందు ప్రాజెక్టు ఫోల్డరు మొత్తంలో 'రిపాజిటరీస్' అన్న మాటను వెతకండి. పాత ప్రాజెక్టయితే అది చాలాచోట్ల తగులుతుంది: రూట్ బిల్డ్ ఫైలులోని బిల్డ్‌స్క్రిప్ట్ బ్లాకులో, దాని కింద ఆల్‌ప్రాజెక్ట్స్ బ్లాకులో, ఆపైన ఒక్కొక్క మాడ్యూలు (ప్రాజెక్టులోని ఒక్కో భాగం) బిల్డ్ ఫైలులో. అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి.

ప్రాజెక్టు బయట కూడా ఒక చోటు చూడాలి. మీ హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే గ్రేడిల్ ఫోల్డరు ఉంటుంది. దాని లోపల ఇనిట్ డాట్ డి అన్న ఫోల్డరు ఉంటే తెరిచి చూడండి. అందులో ఉన్న ఏ స్క్రిప్టైనా ఆ కంప్యూటరు మీద నడిచే ప్రతి గ్రేడిల్ ప్రాజెక్టుకూ వర్తిస్తుంది. ఆఫీసులో ఇంతకుముందు ఆ ల్యాప్‌టాప్ వాడినవారు అక్కడ ఒక స్క్రిప్టు వదిలి వెళ్లి ఉంటే, "నా దగ్గర నడుస్తోంది, మీ దగ్గర ఎందుకు నడవదు" అన్న వాదన సాయంత్రం దాకా తేలదు.

రాసుకున్న జాబితాలో జేసెంటర్ అనే పాత బహిరంగ రిపాజిటరీ కనబడితే వెంటనే కొట్టేయండి. దాన్ని మూసేస్తున్నట్టు 2021 ఫిబ్రవరిలోనే ప్రకటించారు. అదే ఏడాది మే 1న దానికి ఆధారమైన బిన్‌ట్రే సేవ ఆగిపోయింది. జేసెంటర్ మాత్రం చదవడానికి పనికివచ్చేలా మరికొంత కాలం నిలిచి, 2024 ఆగస్టు నుంచి వచ్చినవారిని మావెన్ సెంట్రల్ అనే పెద్ద బహిరంగ రిపాజిటరీకి మళ్లించడం మొదలుపెట్టింది. అంటే అక్కడ మాత్రమే ఉండిన పాత లైబ్రరీలు ఇప్పుడు అక్కడా దొరకవు. సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చిన కాలేజీ ప్రాజెక్టుల్లో సగం తలనొప్పి ఇదే. అటువంటి లైబ్రరీ తగిలితే దాని కొత్త వెర్షన్ మావెన్ సెంట్రల్‌లో వేరే గ్రూపు పేరుతో (లైబ్రరీ ఎవరిదో చెప్పే పేరుతో) ఉందేమో చూడండి. లేకపోతే దాన్ని వదిలించుకోవడం మేలు. తయారుచేసినవారే పట్టించుకోని లైబ్రరీని మీరు మోయనక్కరలేదు.

చివర ఎస్ లేని ఉత్త హెచ్‌టీటీపీతో మొదలయ్యే చిరునామాలు కూడా గీసేయండి. మావెన్ సెంట్రల్ 2020 జనవరి 15 నుంచి హెచ్‌టీటీపీఎస్ తప్ప ఇంకేదీ ఒప్పుకోవడం లేదు. గ్రేడిల్ 7 నుంచి ఏ రిపాజిటరీకైనా ఇదే నియమం. అలౌ ఇన్‌సెక్యూర్ ప్రోటోకాల్ అనే మినహాయింపు ఉంది గానీ, దాన్ని వాడిన ఫైలు కనిపిస్తే ఎవరు, ఎందుకు పెట్టారో అడిగి తెలుసుకోండి.

అన్నిటినీ సెట్టింగ్స్ ఫైలులోకి తెండి

రూట్ ఫోల్డరులో సెట్టింగ్స్ డాట్ గ్రేడిల్ అని, కోట్లిన్‌లో రాసిందయితే చివర కేటీఎస్ కూడా చేరి ఒక ఫైలు ఉంటుంది. గ్రేడిల్ 6.8 నుంచి రిపాజిటరీలన్నీ ఇక్కడే ప్రకటించే వీలు వచ్చింది. అందులో రెండు బ్లాకులు కావాలి.

మొదటిది ప్లగిన్ మేనేజ్‌మెంట్. ఇది ఫైలులో అన్నిటికన్నా పైన ఉండాలి, కింద రాస్తే గ్రేడిల్ ఒప్పుకోదు. బిల్డ్‌ను నడిపే ప్లగిన్లు ఎక్కడి నుంచి రావాలో ఇందులో చెబుతారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీరు ఈ బ్లాకులో ఏమీ రాయకపోతే గ్రేడిల్ తన సొంత ప్లగిన్ పోర్టల్‌కు తానే వెళుతుంది. ఒక్క రిపాజిటరీ రాసినా ఆ సౌకర్యం పోతుంది, పోర్టల్‌ను కూడా మీరే చేర్చాలి. ఆఫీసు సర్వరు చిరునామా ఒక్కటి ఇక్కడ చేర్చాక అప్పటిదాకా పనిచేసిన ప్లగిన్ దొరకడం లేదంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. అందుకని గూగుల్, మావెన్ సెంట్రల్, గ్రేడిల్ ప్లగిన్ పోర్టల్, ఈ మూడూ రాసేయండి. ఆండ్రాయిడ్ కాకపోతే గూగుల్ అక్కరలేదు.

రెండోది డిపెండెన్సీ రిజల్యూషన్ మేనేజ్‌మెంట్. మీ కోడ్ వాడుకునే లైబ్రరీల కోసం ఇది. ఇందులో మళ్లీ రిపాజిటరీస్ బ్లాకు పెట్టి గూగుల్, మావెన్ సెంట్రల్ రాయండి. పైబ్లాకులో ఉన్నవి దీనికి వాటంతటవే రావు. రెండూ వేర్వేరు జాబితాలు. ప్లగిన్ దొరికి లైబ్రరీ దొరకకపోయినా, లైబ్రరీ దొరికి ప్లగిన్ దొరకకపోయినా ఏ బ్లాకు చూడాలో దీన్నిబట్టి తెలిసిపోతుంది.

ఇదే బ్లాకులో రిపాజిటరీస్ మోడ్ అనే అమరిక ఉంది, దాన్ని వదిలేయకండి. మీరేమీ చెప్పకపోతే అది ప్రిఫర్ ప్రాజెక్ట్‌గా ఉంటుంది. అంటే ఏ మాడ్యూలులోనైనా ఎవరైనా ఒక్క రిపాజిటరీ రాస్తే, ఆ మాడ్యూలు వరకు మీరు సెట్టింగ్స్‌లో రాసినదంతా చెల్లదు. రెండు జాబితాలూ కలవవు. మాడ్యూలుదే నెగ్గుతుంది. కష్టపడి అన్నీ ఒకచోటికి తెచ్చాక ఒక మూల మాడ్యూలులో మిగిలిపోయిన వరుస వల్ల అంతా తలకిందులవుతుంది. దీన్ని ఫెయిల్ ఆన్ ప్రాజెక్ట్ రెపోస్‌కు మార్చండి, అన్నీ పెద్దక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోరుతో. ఇక మాడ్యూళ్లలో ఎక్కడ రిపాజిటరీ కనబడినా బిల్డ్ అక్కడే ఆగి, ఏ ఫైలో పేరుతో సహా చెబుతుంది. ఒక్కొక్కటే తీసేస్తూ పోండి.

కొన్ని ప్లగిన్లు మీకు చెప్పకుండా ప్రాజెక్టులో తామే ఒక రిపాజిటరీ చేరుస్తాయి. అటువంటిది ఉంటే ఈ కఠినమైన అమరిక కింద బిల్డ్ ముందుకు సాగదు. ఆ ప్లగిన్ మారేదాకా ప్రిఫర్ సెట్టింగ్స్ పెట్టుకోండి. అప్పుడు మాడ్యూలులోనివి చెల్లకుండా పోతాయి, బిల్డ్ ఆగదు. కానీ ఆ ప్లగిన్‌కు కావలసిన రిపాజిటరీని సెట్టింగ్స్‌లో మీరే చేర్చాలి.

వరుస క్రమం, ఆగిపోయే తీరు

ఒక వెర్షన్ అంకె కచ్చితంగా ఇచ్చి లైబ్రరీ అడిగితే, గ్రేడిల్ మీరు రాసిన వరుసలోనే రిపాజిటరీలను ఒక్కొక్కటిగా అడుగుతుంది. ఏది ముందు ఇస్తే దానితో ఆగుతుంది. ఇంతవరకు అందరూ ఊహించేదే. ఊహించనిది ఏమిటంటే, 'లేదు' అనే జవాబుకూ అసలు జవాబు రాకపోవడానికీ అది చూపే తేడా.

సరుకుల చీటీ ఇచ్చి పిల్లవాడిని పూర్ణా మార్కెట్‌కు పంపారనుకోండి. మొదటి కొట్టువాడు మా దగ్గర లేదంటే రెండో కొట్టుకు వెళతాడు. మొదటి కొట్టు షట్టరు దించి ఉంటే మాత్రం రెండో కొట్టు వైపు చూడకుండా ఖాళీ సంచితో ఇంటికొచ్చేస్తాడు. గ్రేడిల్ ఇంతే. 404, అంటే 'లేదు' అనే జవాబు, వస్తే తరువాతి రిపాజిటరీకి పోతుంది. సర్వరు పలకకపోతే, లేదా 500ల్లో ఏదైనా తప్పు వస్తే, ఆ బిల్డ్ అంతటికీ ఆ రిపాజిటరీని పక్కనపెట్టి, కింది వాటిని అడగకుండానే విఫలమవుతుంది. మొండితనంలా అనిపించినా ఇందులో న్యాయం ఉంది. మొదటి సర్వరు పడిపోయినప్పుడల్లా రెండోదాన్నుంచి తెస్తే, ఒకే కోడ్‌కు ఇవాళ ఒక ఫైలు, రేపు ఇంకో ఫైలు వచ్చే ప్రమాదం ఉంటుంది.

అందుకే జాబితాలో చచ్చిపోయిన చిరునామా ఒక్కటున్నా చాలు. ఏదో పేమెంటు ఎస్‌డీకే కోసం ఎప్పుడో చేర్చిన సర్వరు, ఆ ఎస్‌డీకేను తీసేశాక కూడా వరుసలో ఉండిపోతుంది. దాని డొమైన్ గడువు తీరిన రోజున, దానితో సంబంధంలేని లైబ్రరీ కోసం కూడా బిల్డ్ అక్కడికి వెళ్లి ఆగుతుంది. పాత లైబ్రరీలు క్యాషేలో, అంటే తమ కంప్యూటరులో ఇదివరకే దించి దాచుకున్న చోట, ఉన్నవారికి ఏమీ కాదు. అంతకుముందు రోజు చేరిన కొత్త ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో మాత్రం ఏదీ నడవదు, తప్పంతా అతనిదే అనుకుంటారు.

వెర్షన్ చోట ప్లస్ గుర్తు పెట్టేవారికి మరో సంగతి. అప్పుడు గ్రేడిల్ మొదటి రిపాజిటరీతో ఆగదు. అన్నిటినీ అడిగి, అన్నిటికన్నా పెద్ద అంకె ఎవరి దగ్గర ఉంటే వారి దగ్గర తీసుకుంటుంది. ఇది భద్రతకు ఎలా చేటు చేస్తుందో కింద చెబుతాను. ప్రస్తుతానికి ప్లస్ గుర్తులు తీసేసి కచ్చితమైన అంకెలు రాయండి.

వరుసలో మావెన్ లోకల్ ఉందేమో కూడా చూడండి. సగం ట్యుటోరియళ్లు దాన్ని అన్నిటికన్నా పైన పెడతాయి. ఎందుకో నాకు అంతుపట్టదు. అది మీ హోమ్ ఫోల్డరులో మావెన్ (గ్రేడిల్ లాంటి మరో బిల్డ్ సాధనం) తన అవసరానికి దాచుకునే గది. అందులో ఒక్కోసారి పోమ్ ఫైలు (లైబ్రరీ వివరాలు) ఉండి, దానికి సంబంధించిన జార్ (అసలు కోడ్) ఉండదు. గ్రేడిల్‌కు పోమ్ ఎక్కడ దొరికితే జార్ కూడా అక్కడే దొరకాలి, కాబట్టి మావెన్ సెంట్రల్‌లో నిక్షేపంలా ఉన్న లైబ్రరీ కూడా దొరకలేదంటుంది. మీరే రాసిన లైబ్రరీని ఈ యంత్రం మీద పరీక్షించుకోవడానికి తాత్కాలికంగా కావాలంటే, ఆ ఒక్క గ్రూపుకే పరిమితం చేసి చేర్చండి, జట్టు కోడ్ అంతా ఉండే గిట్‌లోకి పంపకముందు తీసేయండి.

కంచె వేయడం

గ్రేడిల్ 5.1 నుంచి ప్రతి రిపాజిటరీ కిందా కంటెంట్ అనే చిన్న బ్లాకు రాయవచ్చు. అందులో ఇంక్లూడ్ గ్రూప్ అని గ్రూపు పేరిస్తే, ఆ రిపాజిటరీని ఆ గ్రూపు కోసం మాత్రమే అడుగుతుంది. గూగుల్ రిపాజిటరీకి ఆండ్రాయిడ్‌ఎక్స్, కామ్ డాట్ ఆండ్రాయిడ్, కామ్ డాట్ గూగుల్ పేర్లతో మొదలయ్యే గ్రూపులు చాలు. జిట్‌ప్యాక్ (గిట్‌హబ్‌లోని కోడ్‌ను లైబ్రరీగా మార్చి ఇచ్చే రిపాజిటరీ) తప్పనిసరి అయితే కామ్ డాట్ గిట్‌హబ్ కింద మీకు కావలసిన ఆ ఒక్క ఖాతా పేరు మాత్రమే ఇవ్వండి. దీనివల్ల వెంటనే కనిపించే లాభం వేగం. దొరకదని తెలిసిన చోటికి వెళ్లి 404 తెచ్చుకునే ప్రయాణాలన్నీ తగ్గుతాయి.

అసలు లాభం వేరే. 2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సాన్ అనే భద్రతా పరిశోధకుడు ఒక సంగతి బయటపెట్టారు. పెద్ద కంపెనీలు లోపల మాత్రమే వాడుకునే ప్యాకేజీల పేర్లు తెలుసుకుని, అవే పేర్లతో పెద్ద వెర్షన్ అంకెలు పెట్టి బహిరంగ రిపాజిటరీల్లో ఆయన ప్యాకేజీలు ఉంచారు. ఆపిల్, మైక్రోసాఫ్ట్, పేపాల్ సహా 35కు పైగా సంస్థల కంప్యూటర్లు సొంత ప్యాకేజీ వదిలి ఆయనది దించుకున్నాయి. ఆయన వాడినవి ఎన్‌పీఎం, పైపీఐ, రూబీజెమ్స్ అనే ఇతర భాషల రిపాజిటరీలు. మావెన్ సెంట్రల్‌లో గ్రూపు పేరు మీదే అని డొమైన్ ద్వారా నిరూపించుకోవాలి కాబట్టి అక్కడ ఇది అంత సులువు కాదు. కానీ మీ జాబితాలో ఉన్న ప్రతి రిపాజిటరీ అంత పట్టుదలగా ఉండదు, మీ ఆఫీసు లోపలి గ్రూపు పేరుకు అసలు డొమైనే కొనుక్కుని ఉండకపోవచ్చు. దానికి ప్లస్ గుర్తు కూడా తోడైతే, పెద్ద అంకె ఉన్నవాడిదే రాజ్యం.

ఇక్కడ ఇంక్లూడ్ గ్రూప్ ఒక్కటే సరిపోదు. ఆఫీసు సర్వరు కింద మీ గ్రూపు పేరు రాస్తే, ఆ సర్వరు ఆ గ్రూపు మాత్రమే ఇస్తుందని అర్థం. ఆ గ్రూపును మరెవరూ ఇవ్వకూడదని కాదు. ఆ రెండో మాట కూడా చెప్పాలంటే ఎక్స్‌క్లూజివ్ కంటెంట్ వాడాలి. ఇది గ్రేడిల్ 6.2లో వచ్చింది. అందులో ఫర్ రిపాజిటరీ కింద ఆఫీసు సర్వరును, ఫిల్టర్ కింద గ్రూపు పేరును రాయండి. ఇక ఆ గ్రూపు లైబ్రరీ కోసం గ్రేడిల్ మావెన్ సెంట్రల్ వైపు కన్నెత్తి చూడదు. సొంత లైబ్రరీలున్న ఏ జట్టుకైనా ఈ అమరిక తప్పదని నా అభిప్రాయం.

రెజెక్స్‌తో, అంటే పేరుకు బదులు పేర్ల నమూనా ఇచ్చే పద్ధతిలో, గ్రూపు పేరు రాసేటప్పుడు చుక్క దగ్గర చూసుకోండి. కామ్ చుక్క మనఆఫీసు అని రాసి, చివర చుక్క, నక్షత్రం పెడితే, అది మనఆఫీసుతో మొదలయ్యే వేరొకరి పేరును కూడా ఒప్పుకుంటుంది, ఎందుకంటే రెజెక్స్‌లో చుక్కంటే ఏ అక్షరమైనా కావచ్చు. కొత్త గ్రేడిల్‌లో ఇంక్లూడ్ గ్రూప్ అండ్ సబ్‌గ్రూప్స్ అని నేరుగా ఉంది, అది ఉంటే రెజెక్స్ జోలికి పోనక్కరలేదు.

పాస్‌వర్డు ఎక్కడ ఉండాలి

ఆఫీసు సర్వరుకు యూజర్ పేరు, పాస్‌వర్డు కావాలి. వాటిని సెట్టింగ్స్ ఫైలులో రాయకండి. రిపాజిటరీకి నేమ్ కింద ఒక పేరు పెట్టండి, ఆఫీస్‌నెక్సస్ అనుకుందాం. పేరులో అక్షరాలు, అంకెలు తప్ప గీతలు, చుక్కలు ఉండకూడదు. దాని కింద క్రెడెన్షియల్స్ అని రాసి, పాస్‌వర్డ్ క్రెడెన్షియల్స్ రకమని మాత్రం చెప్పి వదిలేయండి. గ్రేడిల్ ఆ పేరు చివర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చేర్చి ఆ రెండు ప్రాపర్టీల కోసం తానే వెతుకుతుంది.

వాటిని మీ హోమ్ ఫోల్డరులోని గ్రేడిల్ ఫోల్డరులో, గ్రేడిల్ డాట్ ప్రాపర్టీస్ ఫైలులో రాయండి. ప్రాజెక్టు ఫోల్డరులోనూ ఇదే పేరుతో ఫైలుంటుంది, అది గిట్‌లోకి వెళుతుంది. చాలామంది పొరపడేది ఇక్కడే. సీఐ సర్వరు (బిల్డ్‌లను తనంతట తానే నడిపే యంత్రం) మీద అయితే ఓఆర్‌జీ, గ్రేడిల్, ప్రాజెక్ట్ అన్న మూడు మాటలు పెద్దక్షరాల్లో అండర్‌స్కోర్లతో రాసి, మరో అండర్‌స్కోరు తరువాత ప్రాపర్టీ పేరు చేర్చి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇవ్వండి. ఒకసారి గిట్‌లోకి వెళ్లిన పాస్‌వర్డును తరువాతి కమిట్‌లో చెరిపినా చరిత్రలో ఉంటుంది. దాన్ని మార్చడం ఒక్కటే దారి.

ఆఫీసులో సొంత రిపాజిటరీ సర్వరు

పదిమంది ఒకే గదిలో కూర్చుని ఒకే లైబ్రరీని పదిసార్లు బయటి నుంచి దించుకోవడం దండగ. రోడ్డు తవ్వి ఫైబరు తెంపిన రోజున పదిమందీ ఖాళీగా కూర్చుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖలో కరెంటు, ఫోన్లు, నెట్ రోజుల తరబడి లేవు. అంత విపత్తుకు ఏ సర్వరూ సమాధానం కాదు గానీ, మామూలు అంతరాయాలకు ఆఫీసు నెట్‌వర్కు లోపల నెక్సస్ అనే రిపాజిటరీ సర్వరు ఒకటి ఉంటే చాలు. గూగుల్ మన ఊళ్లో పెద్ద డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించింది. అది వచ్చాక కూడా మీ వీధిలో ఫైబరు తెగితే తెగినట్టే.

నెక్సస్‌ను ఇన్‌స్టాల్ చేయగానే 8081 పోర్టు మీద లేస్తుంది. మొదటి పాస్‌వర్డు దాని డేటా ఫోల్డరులో అడ్మిన్ డాట్ పాస్‌వర్డ్ అన్న ఫైలులో ఉంటుంది. లోపల మూడు రకాల రిపాజిటరీలుంటాయి. ప్రాక్సీ రకం బయటిదాన్ని అడిగి తెచ్చి దాచుకుంటుంది. హోస్టెడ్ రకంలో మీ సొంత లైబ్రరీలు పెడతారు. గ్రూప్ రకం వీటిలో కొన్నిటిని ఒకే చిరునామా కింద చూపిస్తుంది. మావెన్ సెంట్రల్‌కు ప్రాక్సీ ముందే తయారై ఉంటుంది. గూగుల్ రిపాజిటరీకి, గ్రేడిల్ ప్లగిన్ పోర్టల్‌కు ప్రాక్సీలు మీరే చేసుకోవాలి.

తరువాత అందరూ చేసే పని, ప్రాక్సీలను, హోస్టెడ్‌ను కలిపి ఒకే గ్రూపులో వేసి ఆ ఒక్క చిరునామా అందరికీ ఇవ్వడం. సుఖంగా ఉంటుంది, కానీ పైన వేసిన కంచె ఇక్కడ తెగిపోతుంది. గ్రేడిల్‌కు కనిపించేది ఒకే రిపాజిటరీ అయినప్పుడు ఏ లైబ్రరీ లోపలిది, ఏది బయటిది అన్న తేడా దానికి తెలియదు. ప్రాక్సీలను ఒక గ్రూపుగా ఉంచి, హోస్టెడ్ చిరునామాను విడిగా ఇవ్వండి. హోస్టెడ్‌కు ఎక్స్‌క్లూజివ్ కంటెంట్ రాయండి. కలిపే తీరాలంటే నెక్సస్‌లోని రౌటింగ్ రూల్స్‌తో బయటి ప్రాక్సీలకు మీ గ్రూపు పేరును నిషేధించండి.

ఎవరైనా కొత్త వెర్షన్ మావెన్ సెంట్రల్‌లో విడుదలకాక ముందే తొందరపడి బిల్డ్ నడిపితే నెక్సస్ 'లేదు' అన్న జవాబును కూడా దాచుకుంటుంది. మామూలుగా 1440 నిమిషాలు, అంటే ఒక రోజు. ఈలోగా లైబ్రరీ వచ్చేసినా, బ్రౌజరులో కనిపిస్తున్నా, మీకు మాత్రం దొరకదు. ఆ ప్రాక్సీ పేజీలో ఇన్‌వాలిడేట్ క్యాషే బటన్ నొక్కితే సరి.

సర్వరు పెట్టాక కూడా ఒక దారి బయటికి తెరిచే ఉంటుంది: గ్రేడిల్ స్వయంగా. ప్రాజెక్టులోని గ్రేడిల్ ఫోల్డరు, దాని లోపల రాపర్ ఫోల్డరు, అందులో ప్రాపర్టీస్ ఫైలు తెరవండి. డిస్ట్రిబ్యూషన్ యూఆర్‌ఎల్ అన్న వరుసలో ఉన్న చిరునామా నుంచి గ్రేడిల్ జిప్ ఫైలు దిగుతుంది. దాన్ని కూడా లోపలి సర్వరుకు మార్చి, పక్కనే డిస్ట్రిబ్యూషన్ ఎస్‌హెచ్‌ఏ 256 సమ్ వరుస (ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర) చేర్చండి. పేరు చివర ఆల్ అని ఉంటే బిన్‌కు మార్చండి, చాలా చిన్న ఫైలుతో పని జరుగుతుంది.

మావెన్ వాడే జట్లకు ఇదే పని హోమ్ ఫోల్డరులోని సెట్టింగ్స్ ఎక్స్‌ఎంఎల్‌లో మిర్రర్ అన్న బ్లాకుతో జరుగుతుంది. మిర్రర్ పెట్టాక పాస్‌వర్డు ఉండే సర్వర్ బ్లాకు ఐడీ ఆ మిర్రర్ ఐడీతో కలవాలి, పాత రిపాజిటరీ ఐడీతో కాదు. 401 వస్తే మొదట చూడవలసింది అదే.

దొరకనప్పుడు ఏమి చదవాలి

బిల్డ్ విఫలమైతే ఎర్ర అక్షరాలన్నీ చదవనక్కరలేదు, రెండు మాటల్లో ఏది ఉందో చూడండి. 'కుడ్ నాట్ ఫైండ్' అని ఉంటే అన్ని రిపాజిటరీలూ పలికాయి, ఎవరి దగ్గరా లేదన్నమాట. దాని కింద ఎక్కడెక్కడ వెతికిందో పూర్తి చిరునామాల జాబితా ఉంటుంది. మీరు ఆశించిన రిపాజిటరీ అందులో లేకపోతే అది ప్రకటించలేదు, లేదా మీ కంచె అడ్డుపడింది. ఉంటే, ఆ చిరునామాను బ్రౌజరులో తెరిచి చూడండి, పేరులో అక్షరదోషం అక్కడే బయటపడుతుంది.

'కుడ్ నాట్ గెట్' అని ఉంటే సర్వరు నుంచి సరైన జవాబు రాలేదు. పక్కనున్న అంకె చూడండి. 401 అంటే పాస్‌వర్డు తప్పు, లేదా అసలు అందలేదు. 403 అంటే పాస్‌వర్డు సరైనదే, అనుమతి లేదు. 407 వస్తే మధ్యలో ఉన్న ప్రాక్సీ సర్వరు మిమ్మల్ని అడ్డగించింది. కాలేజీ ల్యాబుల్లో ఇది మామూలే. గ్రేడిల్ డాట్ ప్రాపర్టీస్‌లో సిస్టమ్ ప్రాప్ అని మొదలుపెట్టి హెచ్‌టీటీపీఎస్ ప్రాక్సీ హోస్ట్, ప్రాక్సీ పోర్ట్, ప్రాక్సీ యూజర్, ప్రాక్సీ పాస్‌వర్డ్ ఇవ్వాలి. బ్రౌజరులో పెట్టిన ప్రాక్సీని గ్రేడిల్ పట్టించుకోదు. పీకేఐఎక్స్ అన్న మాట కనిపిస్తే సర్టిఫికెట్ తగాదా. మీ సంస్థ నెట్‌వర్కు మధ్యలో తన సర్టిఫికెట్ పెడుతోంది. ఐటీ విభాగాన్ని అడిగి దాన్ని తీసుకుని, కీటూల్ అనే ఆదేశంతో జేడీకే (జావా సాధనాలు) ట్రస్ట్‌స్టోరులో, అంటే అది నమ్మే సర్టిఫికెట్లలో, చేర్చండి. సర్టిఫికెట్ తనిఖీనే ఆపేయమని సలహా ఇచ్చేవారి మాట వినకండి.

ఇంకా వివరం కావాలంటే ఇన్ఫో ఫ్లాగుతో నడపండి. ఫ్లాగంటే గ్రేడిల్ ఆదేశానికి చేర్చే మాట. దాన్ని అన్నీ చిన్నక్షరాల్లో, ముందు రెండు అడ్డగీతలు, మాటల మధ్య ఒక అడ్డగీత పెట్టి కొట్టండి. డిపెండెన్సీ ఇన్‌సైట్ టాస్కుకు లైబ్రరీ పేరు ఇస్తే, ఆ వెర్షన్ ఎవరు అడగడం వల్ల వచ్చిందో చెబుతుంది.

క్యాషే ఫోల్డరు మొత్తం చెరిపేసే అలవాటు మానుకోండి. రిఫ్రెష్ డిపెండెన్సీస్ ఫ్లాగు ఇస్తే రిపాజిటరీలను మళ్లీ అడిగి, మారినవే దించుకుంటుంది. స్నాప్‌షాట్ వెర్షన్లను (ఇంకా మారుతూ ఉన్నవాటిని), ప్లస్ గుర్తువాటిని గ్రేడిల్ 24 గంటలదాకా మళ్లీ అడగదు. పక్క సీటులోవారు ఇప్పుడే పెట్టిన స్నాప్‌షాట్ మీకు రాకపోవడానికి అదే కారణం, అప్పుడు ఈ ఫ్లాగు వాడండి. నెట్ లేని రోజున ఆఫ్‌లైన్ ఫ్లాగుతో నడపండి. ఒకసారి దించుకున్నవన్నీ క్యాషేలో ఉంటే బయటికి పోకుండానే పని అవుతుంది.

చివరి తాళం

జాబితా కుదిరి, బిల్డ్ శుభ్రంగా నడిచాక, రైట్ వెరిఫికేషన్ మెటాడేటా ఫ్లాగుకు ఎస్‌హెచ్‌ఏ 256 ఇచ్చి ఒకసారి నడపండి. ప్రాజెక్టులోని గ్రేడిల్ ఫోల్డరులో వెరిఫికేషన్ మెటాడేటా అన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు తయారవుతుంది. మీరు వాడే ప్రతి జార్ వేలిముద్ర అందులో ఉంటుంది. ఇకనుంచి ఏ రిపాజిటరీ నుంచి వచ్చినా ఫైలు ఒక్క బైటు మారితే బిల్డ్ ఆగుతుంది. ఈ ఫైలు తయారయ్యే క్షణంలో మీ క్యాషేలో ఏముంటే దాన్నే అది నమ్ముతుంది. కాబట్టి ఎవరి ల్యాప్‌టాప్‌లోనో కాకుండా, కొత్తగా తెరిచిన సీఐ యంత్రం మీద తయారుచేయించి గిట్‌లో చేర్చండి. లైబ్రరీ వెర్షన్ పెంచిన ప్రతిసారీ ఈ ఫైలులో కొన్ని వరుసలు మారతాయి. రివ్యూ చేసేవారు ఆ వరుసలను దాటేయకుండా, పెంచిన లైబ్రరీకి సంబంధంలేని పేరేదైనా అక్కడ మారిందేమో చూడాలి.